సాక్షిగా పిలువబడిన గృహిణి

కోర్టు సమను వచ్చినదనగానే మన పల్నాటి యిండ్లలో స్త్రీలను లోపలికి బంపి, “ఆమె యేమియు జూడలేద”ని మగవారు చెప్పివేయుట పరిపాటి. ఇది గౌరవమని కొందరందురు. మే మట్లు తలంపము. చూచినది ఆమె, ఆమెకు బదులు మరియొకరు చెప్పజాలరు.

సాక్షులు మువ్వురికి దక్కువ కారాదని యాజ్ఞవల్క్యుడు విధించెను. ఉభయపక్షము లంగీకరించిన ధర్మజ్ఞు డొక్కడైనను జాలుననెను. స్త్రీల వ్యవహారములకు స్త్రీలే సాక్షులు కావలెనని మనువు మతము. 13వ శతాబ్దమున కేతన తన విజ్ఞానేశ్వరముతో నట్టి విధులను దెనుగువారికి దెచ్చెను. ఇప్పటి చట్టము వేరు. 1872 నాటి సాక్ష్యచట్టమునకు మారుగా 2024 జులై 1 నుండి భారతీయ సాక్ష్య అధినియమము అమలులోనికి వచ్చెను. ఇందరు సాక్షులు కావలెనను లెక్క యందు లేదు. నమ్మదగినదైనచో నొక్క స్త్రీ మాటయు జాలును. మూగవారును సైగలతోనో వ్రాతతోనో సాక్ష్య మీయవచ్చును.

చూచినదానిని నాటి రాత్రియే తేదీతో వ్రాసి యుంచుట మేలు. బోనులో జ్ఞాపకము చెదరినచో దానిని జూచుకొనవచ్చును. ఎదుటి వకీలును దానిని జూచి ప్రశ్నించును గనుక నందు కల్పన లుండరాదు. పొరుగమ్మ చెప్పగా విన్నమాట సాధారణముగా సాక్ష్యము కాదు (ఈ నియమము మన వీధియరుగులకును వర్తించిన నెంత బాగుండును!). వాఙ్మూలమునకై స్త్రీని పోలీసుస్టేషనుకు రమ్మని నిర్బంధింపరాదు. ఆమె యింటికే రావలెను. వారు వ్రాసికొన్న వాఙ్మూలముపై సంతకము పెట్టించుకొనరాదు. గురజాల కోర్టుదాక పోజాలని రోగుల కడకు గమీషనరును బంపి సాక్ష్యము వ్రాయింప వీలున్నది.

అయినను సాక్ష్యమునకు గొప్పశత్రువు కాలము. 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితులు హతులైరి. ఆ యూరును మా కారంపూడియు నాడు గుంటూరు జిల్లాలోనివే. బాధితులు పట్టుబట్టగా ప్రత్యేక న్యాయస్థానము చుండూరిలోనే కొలువుదీరెను. సాక్షులు బస్సులెక్కి దూరపు కోర్టులకు దిరుగవలసిన బాధ తప్పెను. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవము, 35 మందికి ఒక యేటి శిక్ష పడెను. అప్పటికే దాదాపు 16 ఏండ్లు గడచెను! 2014 ఏప్రిలు 22న హైకోర్టు ఆ శిక్షలను గొట్టివేసెను. ఆత్మీయులను గోల్పోయిన స్త్రీ, ఎవ్వని చేత నే యాయుధ ముండెనో యిన్నేండ్ల పిమ్మట దడబడక చెప్పవలెననుట మాకు గఠినముగా దోచును.

బెదిరింపులకు గొంత ప్రతిక్రియ కలదు. 2018లో సుప్రీముకోర్టు ఆమోదించిన సాక్షిరక్షణ పథకము ప్రకారము, ఘోరనేరములలో సాక్షియే కాక యింటివారును జిల్లాన్యాయమూర్తి యధ్యక్షుడైన సంఘమునకు దరఖాస్తు పెట్టవచ్చును. ఇంటికి గాపలాయు, విచారణవేళ నిందితుడు ఎదురుపడకుండ నేర్పాటును ఆ సంఘ ముత్తరువు చేయగలదు.