రోడ్డు ప్రమాదము: నష్టపరిహారపు హక్కు

సూరతు నగరమున లింబాయత్ మున్నగు పేటలలో తెలుగు నేతపనివారు అనేకులు నివసించుచున్నారు. తెలంగాణ జిల్లాలనుండి మరమగ్గముల పనికై వచ్చి స్థిరపడిన కుటుంబములివి. ఇంటి యజమాని రోడ్డు ప్రమాదమునకు గురియైనచో పరాయి ఊరిలో ఆ కుటుంబమునకు దిక్కెవరు?

2021 జనవరిలో ఈ జిల్లాలోనే, కోసంబా సమీపమున రోడ్డు ప్రక్కన నిద్రించుచున్న రాజస్థాన్ కూలీలపైకి ట్రక్కు ఎక్కి 15 మంది మరణించిరి. మృతుల కుటుంబములకు ప్రధానమంత్రి సహాయనిధినుండి రెండేసి లక్షల రూపాయలు ప్రకటింపబడెను. అట్టి సాయము ప్రభుత్వము దయతో ఇచ్చునది. నష్టపరిహారము చట్టమొసగిన హక్కు. సాయమందినది గదా యని హక్కును విడువరాదు.

ప్రమాదము జరిగిన వెంటనే చేయవలసినది చికిత్స. 2025లో అమలునకు వచ్చిన కేంద్ర పథకము ప్రకారము, నిర్దేశిత ఆసుపత్రులలో ప్రమాదదినము మొదలు ఏడు దినములవరకు, లక్షన్నర రూపాయలకు మించకుండ, సొమ్ము చెల్లింపకయే వైద్యము పొందవచ్చును. గాయము వాహనము ఢీకొనుటవలన కలిగినదని వైద్యునికి స్పష్టముగా చెప్పి వ్రాయింపవలెను. “జారిపడెను” అని ఒక్కమాట నమోదైనచో తరువాత చిక్కులు కలుగును. ఆసుపత్రి చీటీలు, మందుల రసీదులు, పోలీసుల ప్రథమ సమాచార నివేదిక నకలు భద్రపరుపవలెను.

పరిహారము గాయమునుబట్టియేగాక, దానివలన పోయిన సంపాదననుబట్టియు నిర్ణయింపబడును. ఒక నేతపనివాని కుడిచేతి వ్రేళ్లు వంగకుండ పోయెననుకొందము. వైద్యుడు వైకల్యమును కొద్ది శాతముగనే వ్రాయవచ్చును. కాని తెగిన పోగును ముడివేయలేనివాడు మగ్గముచెంత నిలువజాలడు. ఈ సంగతిని ట్రిబ్యునలు ఎదుట సాక్ష్యముతో చెప్పవలెను. జీతపుచీటీ లేదని వెనుకాడనక్కరలేదు. కూలిపనివానినుండి ఆదాయమునకు వ్రాతపూర్వకమైన ఆధారమును ఆశింపరాదని సర్వోన్నత న్యాయస్థానము 2011లో అభిప్రాయపడినది.

1988 నాటి మోటారు వాహనముల చట్టము క్రింద మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునలునకు దరఖాస్తు చేయవలెను. 2022 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనున్న సవరణ ఇందుకు ఆరు మాసముల గడువు విధించినది. కావున జాగు చేయరాదు. ప్రమాదము సూరతులో జరిగినను, కుటుంబము స్వగ్రామమునకు మరలిపోయినచో, తాము నివసించుచున్న జిల్లాలోని ట్రిబ్యునలులోనే దరఖాస్తు దాఖలు చేయవచ్చును. వాయిదా వాయిదాకు రైలెక్కి గుజరాతునకు పోవలసిన పనిలేదు.

ఢీకొన్న వాహనమేదో తెలియనిచో మృతుని కుటుంబమునకు 2 లక్షల రూపాయలు, తీవ్రముగా గాయపడినవారికి 50 వేల రూపాయలు లభించును. ఈ దరఖాస్తును మాత్రము ప్రమాదము జరిగిన తాలూకాలోని విచారణాధికారికి ఇయ్యవలెను.

పరిహారమిప్పింతుమని ఆసుపత్రి గుమ్మముకడ చేరు దళారుల మాట నమ్మి ఖాళీ కాగితములపై సంతకములు చేయరాదు. స్త్రీలకును, పిల్లలకును, పరిశ్రమలలోని కార్మికులకును జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితముగా న్యాయవాదిని ఏర్పాటు చేయును. ఆపదలో అయినవారి ఓదార్పుతోబాటు, సకాలమున చేసిన దరఖాస్తు ఆ కుటుంబమునకు ఆధారము కాగలదు.