వీడియో క్రీడలో పురాణగాథ - ‘రాజీ’

కావ్యానికి పాఠకుడు, నాటకానికి ప్రేక్షకుడు ఉన్నట్లే వీడియో క్రీడకు ఆటగాడు ఉంటాడు. అయితే పాఠకుని ప్రమేయం లేకుండానే కావ్యంలోని వీరుడు యుద్ధం చేస్తాడు. ఆటగాడు మీట నొక్కకపోతే క్రీడలోని వీరుడు నిలిచిన చోటనే నిలిచిపోతాడు. అందుచేత క్రీడను పరిశీలించేవారు కథతో పాటు ఆటగాని వేలికొసకూ తెర మీది కత్తిమొనకూ గల సంబంధాన్ని కూడ గమనించాలి. ఈ సంబంధమే ప్రాణంగా గల క్రీడలను ‘హ్యాక్ అండ్ స్లాష్’ క్రీడలు అంటారు. నరకడం, చీల్చడం అని ఆ మాటల అర్థం. గుంపులుగా వచ్చిపడే శత్రువులను ఆయుధంతో తెగటార్చుతూ ముందుకు సాగడం వీటి పద్ధతి. 2005లో వచ్చిన ‘గాడ్ ఆఫ్ వార్’ గ్రీకు పురాణాలను ఇట్టి క్రీడకు వస్తువుగా గ్రహించి ప్రపంచ ప్రసిద్ధి పొందింది. భారతీయ పురాణాలను గ్రహించి ఆ మార్గంలో నడిచిన క్రీడ ‘రాజీ - యాన్ ఏన్షియంట్ ఎపిక్’.

పుణే నగరంలోని ‘నోడింగ్ హెడ్స్ గేమ్స్’ అనే చిన్న సంస్థ దీనిని రూపొందించింది. విదేశీ సంస్థలు ఇట్టి క్రీడలకు వందలమంది నిపుణులను నియోగించగలవు. ఈ సంస్థకు ఆ వసతి లేదు. 2017లో ప్రజల నుండి నిధులు సేకరించడానికి చేసిన ప్రయత్నం ఫలించలేదు. సంస్థాపకులలో ఒకరు తమ ఇంటిని విక్రయించి పని కొనసాగించారు. 2020లో క్రీడ విడుదలై, ఆ సంవత్సరం ‘ది గేమ్ అవార్డ్స్’లో తొలి ప్రయత్నాల విభాగంలో తుది పోటీకి ఎంపికయింది. బహుమతి మాత్రం మరొక క్రీడకు దక్కింది.

కథ క్లుప్తమైనది. రాజీ విన్యాసాలు ప్రదర్శించి పొట్టపోసుకునే బాలిక. ఆమె తమ్ముడు గోలు. అసురులు మానవలోకంపై దండెత్తి పిల్లలను ఎత్తుకుపోతారు. వారిలో గోలు కూడ ఉంటాడు. తమ్ముణ్ణి వెదుకుతూ బయలుదేరిన రాజీకి దుర్గాదేవి అనుగ్రహం లభిస్తుంది. దేవతల ఆయుధాలతో ఆమె మహాబలాసురుని వైపు సాగుతుంది. సోదరిని సోదరుడు రక్షించే కథలు మనకు కొల్లలు. ఇక్కడ ఆ భారం అక్కది. పైగా ఆమె రాజకుమారి కాదు, శాపవశాన పుట్టిన దేవత కాదు. కేవలం తమ్ముని మీది ప్రేమ ఆమెను నడిపిస్తుంది. క్రీడలోని మొదటి బలం ఈ పాత్రకల్పనే.

రెండవది చిత్రణ. రాజస్థాన్ కోటలను తలపించే బురుజులు, గవాక్షాలు, మెట్లబావుల వంటి నిర్మాణాలు తెరపై కనువిందు చేస్తాయి. గోడలకూ స్తంభాలకూ వేసిన వర్ణాలలో పహాడీ చిత్రకళ ఛాయలున్నాయి. పురాణగాథలను చూపే గోడచిత్రాలను రాజీ సమీపించినపుడు ఆ గాథ వినిపిస్తుంది. బాలీ ద్వీపపు పురాణాల నుండి కూడ కొన్ని అంశాలు గ్రహించారు. ఆ ద్వీపవాసులు భయంతో తలచుకునే రాంగ్డా ఇందులో ఒక ప్రతినాయిక.

కథాభాగాలు కొన్ని నీడబొమ్మల రూపంలో నడుస్తాయి. ఇది తెలుగు విద్యార్థులు ప్రత్యేకంగా గమనించదగిన విషయం. తోలుబొమ్మలాట మన నేలకు కొత్తది కాదు. పాల్కురికి సోమనాథుని ‘పండితారాధ్య చరిత్ర’లోనే బొమ్మలాటల ప్రస్తావన ఉంది. అనంతపురం ప్రాంతంలోని నిమ్మలకుంటలో ఈ కళ నేటికీ సజీవంగా ఉంది. ఆ గ్రామానికి చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం లభించింది. జావా, బాలీ ద్వీపాల నీడబొమ్మలు తెరపై ప్రధానంగా నల్లని ఛాయలుగా కనిపిస్తాయి. మన బొమ్మల తోలు పలుచనిది, పారదర్శకమైనది. కనుక దీపకాంతిలో రంగులతోనే మెరుస్తాయి. కీళ్ళు కదిలే ఆ బొమ్మల ఒడుపును ఒక నవీన యంత్రక్రీడ అందిపుచ్చుకోవడం ఉచితమైన ఎంపిక. ఖర్చు తక్కువ కావడం కూడ అందుకు కారణమై ఉండవచ్చు. అయినా ఫలితం అందంగా ఉంది.

పోరాటం విషయానికి వస్తే ఇంతటి ప్రశంస చేయడం కష్టం. ఆలోచన మంచిదే. రాజీ విన్యాసకారిణి కనుక గోడ మీద పరుగెత్తి ఎగిరి దూకుతుంది. స్తంభాన్ని పట్టుకుని గిరగిర తిరిగి చుట్టూ ఉన్న అసురులను చెల్లాచెదరు చేస్తుంది. ఆమె వృత్తికీ ఆమె యుద్ధరీతికీ ఇట్లు పొందిక కుదిరింది. త్రిశూలం దూరాన్ని కాపాడుతుంది, విల్లు మరింత దూరాన ఉన్న శత్రువును పడగొడుతుంది. ఆయుధాలకు చేర్చిన శక్తులను వెనక్కు తీసుకుని మరొక విధంగా పంచుకునే వెసులుబాటు ఉంది.

అయితే మీట నొక్కడానికీ రాజీ కదలడానికీ మధ్య కొన్ని సమయాలలో లిప్తపాటు జాప్యం ఉంటుంది. కావ్యంలో లిప్తపాటుకు విలువ లేదు. ఇక్కడ అదే ప్రాణాంతకం. దృశ్యాన్ని చూపే కోణాన్ని చాలాచోట్ల ఆటగాడు మార్చుకోలేడు. దానివలన దూకవలసిన అంచు ఎంత దూరాన ఉన్నదో తెలియక రాజీ అగాధంలో పడిపోతుంది. తప్పు ఆటగానిది కానపుడు ఓటమి పాఠం నేర్పదు, విసుగు పుట్టిస్తుంది. అసురుల రకాలు కొద్ది. మూసివేసిన ప్రాంగణంలో వారందరినీ హతమార్చితేనే దారి తెరుచుకోవడం పదేపదే జరుగుతుంది. ముక్కలను తిప్పి చిత్రాన్ని పూర్తిచేసే చిక్కుముడులు చూడముచ్చటగా ఉన్నా బుద్ధికి పదును పెట్టవు.

విష్ణువు, దుర్గ ఆకాశం నుండి రాజీని చూస్తూ సంభాషించుకోవడం మరొక ప్రత్యేకత. వారు సూత్రధారుల వంటివారు. పురాణం తెలియని విదేశీయునికి ఈ సంభాషణ ఉపకరిస్తుంది. కాని వారి పరిహాసంలో మన బొమ్మలాటలోని కేతిగాడు, బంగారక్కల చురుకు లేదు. పైగా వారు అంతా చెప్పివేయడం వలన రాజీ తన గుండెలోని మాట చెప్పుకునే అవకాశం తగ్గింది. తమ్ముడు కనిపించని బాలిక దుఃఖాన్ని ఆమె నోట వినాలని కోరుకునేవారికి ఇది నిరాశ.

క్రీడ మొత్తం కొన్ని గంటలలో ముగుస్తుంది. నిడివి తక్కువ కావడం దోషం కాదు. కాని కథ తీరం చేరకముందే హఠాత్తుగా ఆగిపోతుంది. నిర్వహణ సంధి లేని నాటకం వలె తోస్తుంది. ఇంగ్లీషు సంభాషణలతో వెలువడిన ఈ క్రీడకు 2022లో మెరుగుపరచిన ప్రతి వచ్చింది. అందులో హిందీ సంభాషణలు చేర్చారు. రాజీ, గోలు ఒకరినొకరు ఒక భారతీయ భాషలో పిలుచుకోవడం అప్పటి నుండి వినవచ్చింది.