దవడకు పాకే క్యాన్సర్: అపోహలు – వాస్తవాలు

అపోహ: గుట్కా, ఖైనీ, చుట్ట అలవాటు లేకపోతే నోట్లో క్యాన్సర్ రాదు.

వాస్తవం: మన దేశంలో నోటి క్యాన్సర్లు చాలావరకు పొగాకు తెచ్చిపెట్టినవే. శ్రీకాకుళం, విశాఖ వైపు అడ్డపొగ (చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని) తాగే ఆడవాళ్లకు అంగిట్లో వచ్చేదీ అదే. అవన్నీ నోట్లోనే పుట్టినవి. ఇంకో రకం ఉంది. రొమ్ములోనో, ఊపిరితిత్తిలోనో, కిడ్నీలోనో, ప్రోస్టేట్‌లోనో, థైరాయిడ్‌లోనో పుట్టి, రక్తంలో కలిసి దవడకు చేరుతుంది. నోటి క్యాన్సర్లలో దీని వాటా నూటికి ఒకటి మాత్రమే. పంటి నొప్పి రాగానే భయపడక్కర్లేదు. ఆ నొప్పికి కారణం దాదాపు ఎప్పుడూ పుచ్చో, చిగుళ్ల జబ్బో అయి ఉంటుంది.

అపోహ: గడ్డం తిమ్మిరెక్కితే నరాల బలహీనత. బి కాంప్లెక్స్ వేసుకుంటే పోతుంది.

వాస్తవం: అన్నిటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఈ నమ్మకమే. కింది పెదవికీ గడ్డానికీ స్పర్శ తెచ్చే నరం కింది దవడ ఎముక లోపలి నుంచే వెళ్తుంది. పాకివచ్చిన క్యాన్సర్ ఎక్కువగా చేరేదీ ఆ ఎముకలోనే, వెనక దంతాల దగ్గర. కణితి పెరిగితే నరం నలుగుతుంది. గడ్డం గీసుకుంటుంటే ఒక పక్క బ్లేడు ఆనినట్టే ఉండదు. అన్నం తింటూ పెదవి కొరుక్కున్నా తెలియదు. నొప్పి లేదు కదా అని ఊరుకుంటారు. పన్ను పీకించుకోకుండా, దెబ్బ తగలకుండా గడ్డం ఒక పక్కే మొద్దుబారితే మాత్రం వెంటనే చూపించుకోవాలి. ఒంట్లో క్యాన్సర్ ఉందన్న సంగతి కొందరికి మొదట తెలిసేది ఇలాగే.

అపోహ: రొమ్ము క్యాన్సర్ ఎప్పుడో తగ్గిపోయింది. పళ్ల డాక్టరుకు చెప్పడమెందుకు?

వాస్తవం: పదేళ్ల తర్వాత కూడా అది తిరగబెట్టవచ్చు. చిగురు మీద ఎర్రగా ఉబ్బి, తాకితే రక్తం కారే గడ్డ మామూలు వాపులాగే కనిపిస్తుంది. పన్ను పీకిన గుంత మానకుండా అందులోంచి కండ పెరగవచ్చు. పాత జబ్బు సంగతి తెలిస్తేనే డాక్టరుకు అనుమానం వస్తుంది. ఇంకో కారణమూ ఉంది. ఎముకలకు పాకిన క్యాన్సర్‌కు జోలెడ్రోనిక్ యాసిడ్, డెనోసుమాబ్ ఇంజెక్షన్లు ఇస్తారు. అవి తీసుకునేవాళ్లకు పన్ను పీకితే దవడ ఎముక చచ్చుబడి బయటపడే ప్రమాదముంది. అది క్యాన్సర్ కాదు గానీ చాలా బాధ పెడుతుంది. కాబట్టి పాత ఫైలు దగ్గరుంటే పళ్ల ఆస్పత్రికీ పట్టుకెళ్లండి.

అపోహ: ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సర్ పాకిపోతుంది.

వాస్తవం: ఆ భయంతో పరీక్ష మానేయకూడదు. ఆ ముక్క చూస్తేనే అది ఎక్కడ పుట్టిందో తెలిసేది. రొమ్ములో పుట్టింది దవడలో తేలినా రొమ్ము క్యాన్సరే. మందులూ దానివే వాడతారు.

అపోహ: దవడకు పాకాక చేసేదేమీ లేదు.

వాస్తవం: పూర్తిగా నయం కావడం అరుదు, నిజమే. కానీ రొమ్ము, ప్రోస్టేట్ క్యాన్సర్లకు హార్మోన్ మందులున్నాయి. చాలా రకాల థైరాయిడ్ క్యాన్సర్లకు రేడియో అయోడిన్ ఉంది. రేడియేషన్ ఇస్తే దవడ నొప్పి చాలామందిలో తగ్గుతుంది, మళ్లీ నాలుగు ముద్దలు నమలగలుగుతారు.