అప్‌గ్రేడ్ చేశాక సర్వర్ ఎందుకు లేవదు? ఎలా లేపుతారు?

ప్రశ్న: మా అచ్చంపేటలో సర్టిఫికెట్ కోసం పోతే, "రాత్రి సర్వర్‌ను అప్‌గ్రేడ్ చేసిన్రంట, పొద్దుగాల నుంచి లేస్తలేదు" అన్నరు. బాగు చేద్దామనే కదా చేసిన్రు, మరెందుకు చెడిపోయింది? దూరం నుంచే అప్‌గ్రేడ్ చేసినోళ్లు దూరం నుంచే సరిచెయ్యలేరా?
— ఒక ఇంటర్ విద్యార్థిని

జవాబు: అమ్మా, నీ రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కచోటే ఉంది. కంప్యూటర్ ఏ వరుసలో మేలుకుంటుందో తెలిస్తే రెండూ విడిపోతాయి.

స్విచ్ వేసిన క్షణంలో కంప్యూటర్‌కు దాదాపు ఏమీ తెలియదు. లోపల ఒక చిప్పులో ఉండే ఫర్మ్‌వేర్ (యంత్రంతో పాటే వచ్చే తొలి ప్రోగ్రాం) ముందుగా పనిలోకి దిగుతుంది. అది డిస్కులో బూట్‌లోడర్‌ను వెతికి పట్టుకుంటుంది. బూట్‌లోడర్ వెళ్లి కెర్నెల్‌ను (మొత్తం యంత్రాన్ని నడిపించే మూల ప్రోగ్రాం) మెమరీలోకి ఎక్కిస్తుంది. కెర్నెల్ డిస్కును పూర్తిగా తెరుస్తుంది. ఆ తర్వాతే నెట్‌వర్క్ మొదలవుతుంది. దూరం నుంచి లాగిన్ కావడానికి వీలయ్యేది అప్పుడే. అంటే ఇంజనీరు లోపలికి వచ్చే తలుపు దాదాపు అన్నిటికన్నా చివర తెరుచుకుంటుంది. ఇదొక్కటి గుర్తుపెట్టుకో.

ఇప్పుడు అప్‌గ్రేడ్ సంగతి. నడుస్తున్న సర్వర్‌లో కొత్త కెర్నెల్ వేసినప్పుడు మారేది డిస్కులోని ఫైళ్లు. మెమరీలో నడుస్తున్నది ఇంకా పాత కెర్నెలే. కాబట్టి తప్పు జరిగినా ఆ పూట ఏమీ తెలియదు, అన్నీ సవ్యంగానే నడుస్తాయి. రీస్టార్ట్ చేసినప్పుడే కొత్తదానికి మొదటి పరీక్ష.

ఆ పరీక్షలో ఎక్కడ తప్పుతుంది? లినక్స్ సర్వర్లలో తరచుగా చిక్కు వచ్చే చోటొకటి చెప్తాను. డిస్కును చదవాలంటే డ్రైవర్ (ఆ పరికరంతో మాట్లాడే ప్రోగ్రాం) కావాలి. ఆ డ్రైవరేమో డిస్కులోనే ఉంటుంది! ఈ ముడి విప్పడానికి, అవసరమైన డ్రైవర్లను ఒక చిన్న మూటగా కట్టి బూట్‌లోడర్ చేతికిస్తారు. దాన్ని ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ అంటారు. కెర్నెల్ మారిన ప్రతిసారీ ఈ మూట మళ్లీ కట్టాలి. అది పెట్టే చోటు చాలా సర్వర్లలో చిన్నదే. పాత కెర్నెళ్లు పేరుకుపోయి అక్కడ జాగా నిండిపోతే కొత్త మూట సగంలోనే ఆగిపోవచ్చు, లేదా అందులో సరైన డ్రైవర్ లేకుండా పోవచ్చు. అప్పుడు కెర్నెల్ లేస్తుంది, డిస్కు మాత్రం దానికి కనిపించదు. అక్కడే ఆగిపోతుంది. కొన్నిసార్లు సర్వర్ నిక్షేపంగా లేచినా, కొత్త వెర్షన్‌లో నెట్‌వర్క్ కార్డు పేరు మారిపోయి పాత సెట్టింగు దానికి వర్తించదు. బయటివాళ్లకు అదీ చచ్చినట్టే లెక్క.

2024 జూలై 19 నీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజు శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక చిన్న ఫైలు కారణంగా ప్రపంచమంతటా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కూలిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా. అది మొత్తం సిస్టమ్ అప్‌గ్రేడ్ కాదు, ఒక్క ప్రోగ్రాంకు వచ్చిన అప్‌డేట్ మాత్రమే. ఆ ఫైలు 21వ విలువను చూడమంది, ప్రోగ్రాంకు అందింది 20 విలువలే. లేని విలువ కోసం మెమరీలో చదవకూడని చోట చదివింది. మామూలు ప్రోగ్రాం అయితే అదొక్కటే మూతపడేది. ఇది కెర్నెల్‌తో కలిసి మొదట్లోనే లేచే డ్రైవర్, అందుకే యంత్రమే పడిపోయింది. లేవడం, మళ్లీ పడటం.

సంస్థ 78 నిమిషాల్లో ఆ ఫైలును వెనక్కి తీసుకుంది. అయినా చాలా యంత్రాలు రోజుల తరబడి లేవలేదు, ఎందుకంటే సరైన ఫైలు అందాలంటే నెట్‌వర్క్ రావాలి, అది వచ్చేలోపే యంత్రం పడిపోతోంది. మైక్రోసాఫ్ట్ తన క్లౌడ్ వాడేవాళ్లకు పదిహేను సార్ల దాకా రీస్టార్ట్ చేయాల్సి రావచ్చని చెప్పింది. ఏదో ఒకసారి నెట్‌వర్క్ ముందు లేస్తుందని ఆశ. మిగతా చోట్ల మనిషి వెళ్లి, ఒక్కో యంత్రం ముందు కూర్చుని, సేఫ్ మోడ్‌లో (తప్పనిసరి ప్రోగ్రాంలతో మాత్రమే యంత్రాన్ని లేపే పద్ధతి) ఆ ఫైలును తీసేయాల్సి వచ్చింది.

మీ వైపు బోర్లకు మొబైల్ స్టార్టర్లు చూసే ఉంటావు. ఇంటి నుంచి ఫోన్ కొడితే చేనులో మోటారు ఆడుతుంది. ఆ ఫోన్ ఎత్తేది స్టార్టర్ డబ్బాలోని సిమ్ము. డబ్బాయే చెడిపోతే ఎన్నిసార్లు కొట్టినా లాభం లేదు, టార్చిలైటు పట్టుకుని చేను దాకా పోవాల్సిందే. నీ రెండో ప్రశ్నకు జవాబు ఇదే.

మరి ప్రతిసారీ మనిషి పోవాల్సిందేనా? అక్కర్లేదు. మంచి సర్వర్లలో విడిగా ఒక బుల్లి కంప్యూటర్ ఉంటుంది. సర్వర్ ఆగి ఉన్నా దానికి కరెంటు అందుతుంది, చాలా వాటిలో దాని నెట్‌వర్క్ తీగ కూడా వేరు. దాని ద్వారా ఇంజనీరు తన ఊళ్లో కూర్చునే సర్వర్ తెరను చూస్తాడు, బూట్‌లోడర్ మెనూలో పాత కెర్నెల్‌ను ఎంచుకుంటాడు. అందుకే పాత కెర్నెల్‌ను వెంటనే తుడిచేయరు.

ఆ బుల్లి కంప్యూటర్ లేని చోట ఇంకో జాగ్రత్త ఉంది, నాకు బాగా నచ్చేదిది. కొత్త కెర్నెల్‌ను "ఈ ఒక్కసారికే" అని బూట్‌లోడర్‌కు చెప్పి రీస్టార్ట్ చేస్తారు. లినక్స్ కెర్నెల్ కూలిపోతే మామూలుగా అలాగే నిలిచిపోతుంది. పది సెకన్లు ఆగి తనంతట తానే రీస్టార్ట్ కమ్మని దానికి ముందే ఒక సెట్టింగు పెడతారు. కొత్తది కూలిందా, రెండోసారి పాత కెర్నెలే లేస్తుంది, దాంతో నెట్‌వర్కూ లేస్తుంది, ఇంజనీరు లాగిన్ అయి ఏం జరిగిందో తీరిగ్గా చూసుకుంటాడు. కొత్తది బాగా లేస్తే, ఒకట్రెండు రోజులు గమనించి అప్పుడు దాన్ని ఖాయం చేస్తాడు.