వైన్: పరాయి వ్యవస్థపై విండోస్ ప్రోగ్రామ్ – పాత తెలుగు ఫైళ్ల సమస్య

తెలుగు పరిశోధకుల పాత సిద్ధాంత వ్యాసాలు, వ్యాస సంపుటాలు అనేకం పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో కూర్చినవి. 2001లో వచ్చిన 7.0 తరువాత పేజ్‌మేకర్‌కు కొత్త వెర్షన్ రాలేదు. ఆ ఫైళ్లను లినక్స్ కంప్యూటర్‌లో తెరవవలసి వచ్చినప్పుడు ఎదురయ్యే ప్రశ్న సాంకేతికమైనదే అయినా దాని ఫలితం పాఠ పరిష్కరణకు సంబంధించినది.

ఏ ప్రోగ్రామైనా ఫైలు తెరవడానికి, తెరపై అక్షరం చూపడానికి ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడగవలసిందే. విండోస్‌ను అడిగే పద్ధతి వేరు, లినక్స్‌ను అడిగే పద్ధతి వేరు. ప్రాసెసర్ ఒకటే అయినా విండోస్ ప్రోగ్రామ్ లినక్స్‌లో నేరుగా నడవకపోవడానికి ప్రధాన కారణం ఇదే. 1993లో ఆరంభమైన వైన్ ఈ రెంటి నడుమ దుభాషిగా నిలుస్తుంది. ‘వైన్ ఈజ్ నాట్ యాన్ ఎమ్యులేటర్’ అన్నది దాని పేరుకు విస్తరణ. ఎమ్యులేటర్ మరో యంత్రాన్నే అనుకరిస్తుంది. వైన్ ఆ పని చేయదు. ప్రోగ్రామ్‌లోని ఆదేశాలు నేరుగా ప్రాసెసర్‌పైనే నడుస్తాయి. విండోస్‌కు వెళ్లవలసిన అభ్యర్థనలను మాత్రం వైన్ అందుకొని, లినక్స్‌కు తెలిసిన రీతిలో నెరవేరుస్తుంది. ప్రోగ్రామ్ ‘సి’ డ్రైవ్‌గా భావించేది నిజానికి వాడుకరి సొంత ఫోల్డర్‌లోని మరొక ఫోల్డర్ మాత్రమే.

ఈ దుభాషిత్వం సులువు కాదు. విండోస్ ప్రవర్తనను దాని లోపాలతో సహా అనుకరించవలసి ఉంటుంది; కొన్ని ప్రోగ్రామ్‌లు ఆ లోపాలపైనే ఆధారపడతాయి మరి! వైన్ 1.0 వెలువడడానికి 2008 దాకా, అంటే పదిహేనేళ్లు పట్టింది.

అయితే ప్రోగ్రామ్ నడవడం వేరు, పాఠం దక్కడం వేరు. అను ఫాంట్లు యూనికోడ్‌ను అనుసరించవు. ఫైలులో ఉన్నవి తెలుగు అక్షరాల సంకేతాలు కావు. రోమన్ లిపి తదితర చిహ్నాలకు కేటాయించిన సంకేతాల స్థానంలో తెలుగు అక్షరాల ముక్కలు కూర్చి ఉంటాయి. ఫాంటు మారితే పుట అర్థంలేని గుర్తులతో నిండిపోతుంది. వైన్ ఎంత సమర్థంగా పనిచేసినా ఈ స్థితిని మార్చలేదు. పేజీ కనిపిస్తుంది, ముద్రణకూ వెళ్తుంది. కాని అందులో ‘నన్నయ’ అని యూనికోడ్‌లో వెదికితే దొరకదు.

కాబట్టి ఆ పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చక తప్పదు. 1991 నాటి తొలి వెర్షన్ నుంచీ యూనికోడ్‌లో తెలుగుకు స్థానం ఉంది. చిక్కు క్రమంలో వస్తుంది. ‘స్త్రీ’ అన్న మాటలో యూనికోడ్ ప్రకారం స, త, ర హల్లులు పొల్లు సంకేతాలతో కలిసి వరుసగా వచ్చి, గుడి దీర్ఘం చివర చేరుతుంది. కంటికి కనిపించే ఆకారాన్ని బట్టి కూర్చిన పాత ఫైలులో ‘సీ’ రూపం ముందు, ఒత్తులు తరువాత ఉండవచ్చు. మార్పిడి ప్రోగ్రామ్ ఈ క్రమాన్ని సరిచేయలేకపోతే పాఠంలో దోషం మిగులుతుంది. పద్యాల్లో, శాసన పాఠాల్లో అటువంటి దోషం పాఠాంతరంగా పొరబడే ప్రమాదమూ ఉంది.

వైన్‌కు అసలైన ప్రయోజనం ఇక్కడే కనిపిస్తుంది. మార్చిన పాఠం ఒక కిటికీలో, వైన్ ద్వారా తెరిచిన మూల పుట పక్క కిటికీలో ఉంచుకొని పంక్తి పంక్తీ సరిచూడడం సాధ్యమవుతుంది. అటువంటి ప్రతికి పరిష్కర్త మునుపు తాళపత్రం ముందు కూర్చున్నంత ఓపికతోనే కూర్చోవాలి.