నారికేళపాకం - పాఠకుడి పళ్లు

నవల అర్థం కాకపోతే తప్పెవరిది? రాసినవాడిదా, చదివినవాడిదా? మా తెలుగు శాఖలో టీ చల్లారేదాకా ఈ తగవు నడుస్తూనే ఉంటుంది. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న నేను ఇందులో ఒకసారి తప్పుడు తీర్పు ఇచ్చాను. అది చెప్పుకుంటేనే బరువు దిగుతుంది.

1969లో నవీన్ 'అంపశయ్య' వచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకునే రవి అనే పేద విద్యార్థి జీవితంలో ఒక్క రోజు, సుమారు 16 గంటలు - ఇదే కథ. జరిగేది గోరంత, మనసులో మెదిలేది కొండంత. డబ్బు, పరీక్షలు, ఆడపిల్లలు, విడిచివచ్చిన ఊరు - ఒకదాని వెంట ఒకటి తరుముకొస్తాయి. చైతన్యస్రవంతి అంటే ఇదేనన్నారు విమర్శకులు. 1922లో జేమ్స్ జాయిస్ కూడా 'యులిసిస్'లో డబ్లిన్ నగరపు ఒక్క రోజును పెద్ద గ్రంథం చేశాడు. దాన్ని నెత్తిన పెట్టుకున్నవారూ ఉన్నారు, సగంలో మూసేసినవారూ ఉన్నారు. మన దగ్గరా అంతే. అభిమానులు నవల పేరునే రచయితకు ఇంటిపేరు చేశారు. దొంగరి మల్లయ్యగారు 'అంపశయ్య నవీన్' అయిపోయారు. తక్కినవారు "ఇందులో కథేదండీ?" అన్నారు.

ఒక ఏడు ఈ నవల మీద వ్యాసం రాయమన్నాను. ఒకబ్బాయి "అత్యద్భుతం, అపూర్వ ప్రయోగం" అంటూ నాలుగు పేజీలు నింపాడు. ఒకమ్మాయి మాత్రం అరపేజీ రాసింది: "ముప్పై పేజీల దగ్గర ఆగిపోయాను. రవి ఆలోచనల మధ్య నాకు ఊపిరాడలేదు. లేచి కిటికీ తెరిచాను."

అబ్బాయికి పదికి ఎనిమిది వేశాను. అమ్మాయికి మూడు.

తరవాత మాటల్లో తేలింది - రవి ఏ విశ్వవిద్యాలయంలో చదివాడో కూడా అబ్బాయికి తెలియదు. పుస్తకం తెరిస్తే కదా! అమ్మాయికి ఊపిరాడలేదంటే, ఆ రోజంతా రవికి మాత్రం ఆడిందా? నవల ఆమెను తాకింది. నచ్చలేదు, అంతే.

మన పెద్దలు పాకాలు మూడన్నారు. ద్రాక్ష నోట్లో వేసుకుంటే చాలు, అరటిపండు తొక్క ఒలవాలి, కొబ్బరికాయ కొట్టాలి. కాయ పగలనంత మాత్రాన ఎవరూ తెలివితక్కువవారు కారు. కొట్టకుండానే "ఆహా, ఎంత కమ్మగా ఉంది!" అనేవారితోనే చిక్కు. నేను వారికే మార్కులు వేశాను.

మరునాడు మార్కులు దిద్ది, తప్పు నాదేనని అమ్మాయితో చెప్పాను. ఆమె కాసేపు ఊరుకుని, "పుస్తకం మళ్లీ ఓసారి ఇస్తారా మాస్టారూ?" అంది.

ఇచ్చాను. నచ్చిందా అని మాత్రం అడగలేదు.