ముసలి వంతెన – ముగ్గురి మాట

రైలు గోదావరి మీదికి రాగానే పెట్టెలో చిన్న కలకలం బయలుదేరుతుంది. మా మేనత్త కిటికీ పక్కనున్న పిల్లవాణ్ణి కాస్త జరగమని, కొంగుముడి విప్పి రూపాయి బిళ్ళ తీసి, కళ్ళకద్దుకుని విసురుతుంది. అది నీళ్ళలో పడిందో, ఇనప దూలానికి తగిలి టంగుమన్నదో గోదావరి తల్లికే తెలియాలి. చిన్నతనంలో హేవ్‌లాక్ వంతెన మీద మొదలైన ఆవిడ మొక్కుబడి ఇప్పటికి మూడు వంతెనలు చూసింది.

ఆ మొదటి వంతెన 1897లో మొదలై 1900లో పూర్తయింది. కట్టించిన ఇంజనీరు వాల్టన్ దొర. కాశీలో గంగ మీద రైలు వంతెన కూడా ఆయన చేతి చలవే. మద్రాసు గవర్నరు పేరు దీనికి పెట్టారు. ఒక్కొక్కటి 150 అడుగుల ఇనప దూలాలు, అలాంటివి 56! మద్రాసు, కలకత్తా మెయిళ్ళన్నిటినీ మోసింది. కట్టేముందు వూరివాళ్ళను అడగడమనే వాడుక ఆ రోజుల్లో లేదనుకోండి.

1974లో పైన రోడ్డు, కింద రైలు వున్న వంతెన వచ్చింది. కొవ్వూరు వారికి అది నిజంగా వరం. అంతకుముందు రాజమండ్రి రావాలంటే రైలో, పడవో. 1997లో కమానుల వంతెన లేచింది. 28 కాంక్రీటు కమానులు. సాయంకాలం గట్టున నిలబడి చూడవలసిందే. ఆ యేడే హేవ్‌లాక్ విశ్రాంతి తీసుకుంది.

మరి దాన్నేం చెయ్యాలి? తుక్కు కింద అమ్మేద్దామన్న ఆలోచన రాగానే వూరు గొంతు విప్పింది. నడవడానికి వుంచండి, గోదావరిని చూసుకుంటాం అన్నారు. మాట నెగ్గడానికి చాలాకాలమే పట్టింది. 2025 జూన్‌లో అఖండ గోదావరి పథకానికి శంకుస్థాపన జరిగింది; అందులో ఈ పాత వంతెనను విహారస్థలంగా తీర్చే పనీ వుంది.

నాకు దిగులు మాత్రం 1974 నాటి దాని గురించే. 2023లో మరమ్మతులకని పైరోడ్డు కొన్ని వారాలు మూసినప్పుడు నా తరగతిలో కొవ్వూరు పిల్లల బెంచీలు సగం ఖాళీ. చుట్టు తిరిగి వచ్చినవాళ్ళు మొదటి గంట అయ్యాక నెమ్మదిగా తలుపు దగ్గర నిలబడేవారు. హాజరు వేశాను, అది తప్పయితే కానివ్వండి. "మాస్టారూ, మూసేముందు మా కాలేజీ వేళలు ఎవరైనా అడిగితే బావుండేది కదండీ" అన్నాడొక కుర్రవాడు. నా దగ్గర జవాబు లేదు. ఇంజనీరుకు బరువు తెలుసు, వరద తెలుసు. తెల్లవారుజామున కూరగాయల గంపతో ఏ వేళకు ఎవరు దాటుతారో మాత్రం ఆ గంప మోసేవాళ్ళకే తెలుసు. ఏదో ఒకనాడు ఆ వంతెనకూ మారు వంతెన కట్టక తప్పదు. నక్షా గీయకముందే రెండు గట్లవాళ్ళనూ కూర్చోబెట్టి వినడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఈ మాటే ఇంట్లో అంటే మా మేనత్త వెంటనే అందుకున్నది:

"ఒరేయ్ అబ్బాయీ, నన్నడిగితే ఒకటే చెబుతా. ఈసారి కిటికీకి దూలాలు అడ్డం రాకుండా కట్టమను. సగం డబ్బులు ఇనుముకే పోతున్నాయి!"